కళింగాంధ్రలో పాశుపత యోగం: శ్రీముఖలింగ లకులీశమూర్తి నేపథ్యం

వజ్రపుకొత్తూరు తీరానికి వాయవ్యంగా, మందసకు ఆవల మహేంద్రగిరి ఉంది. తూర్పు గాంగుల తొలి తామ్రశాసనాలు ఆ గిరిశిఖరాన వెలసిన గోకర్ణేశ్వరుని స్తుతించి, దానకర్తలైన రాజులను 'పరమమాహేశ్వరులు'గా పేర్కొంటాయి. ఆ శాసనాలు వెలువడిన కళింగనగరం వంశధార ఒడ్డున ఉన్న నేటి శ్రీముఖలింగమేనని గుర్తించినవారు గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ కీర్తి వెనుక మరుగునపడిన ఆయన చారిత్రక కృషిలో ఇది ముఖ్యమైనది.

శ్రీముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలున్నాయి. అక్కడి శిల్పాలలో లకులీశమూర్తి కనిపిస్తుంది. లకులీశుడు పాశుపత సంప్రదాయ ప్రవర్తకుడు. యోగాసీనుడై ఉండటం, చేతిలో లకుటం, అంటే దుడ్డుకర్ర, ధరించడం ఆయన మూర్తిలక్షణాలు. నేటి సందర్శకుడు ఆ భంగిమను చూసి 'యోగాసనం' అనుకోవడం సహజం. కాని పాశుపతులకు యోగమంటే భంగిమ కాదు.

యోగశబ్దార్థంపై దర్శనాల మధ్య భేదముంది. పతంజలి సూత్రాలకు భాష్యం వ్రాసిన వ్యాసుడు యోగాన్ని సమాధిగా నిర్వచించాడు. భోజుడు ప్రకృతి పురుషుల వియోగమే యోగమన్నాడు. పాశుపత సూత్రాలకు పంచార్థభాష్యం రచించిన కౌండిన్యుడు దానిని ఆత్మకూ ఈశ్వరునికీ కలిగే సంయోగంగా వివరించాడు. కార్యం, కారణం, యోగం, విధి, దుఃఖాంతం అనే ఐదు పదార్థాలలో యోగానిది మూడవ స్థానం. దానికి దారితీసే ఆచరణ 'విధి'.

ఆ విధిలో దేహానికి లభించిన స్థానం ఆశ్చర్యకరమైనది. తొలిదశలో సాధకుడు ఆలయ పరిసరాలలో నివసిస్తూ రోజుకు మూడుసార్లు భస్మస్నానం చేయాలి, భస్మంలోనే శయనించాలి, హసిత గీత నృత్యాలతో శివుని అర్చించాలి. రెండవ దశలో శైవచిహ్నాలు దాచి జనం మధ్యకు వెళ్లాలి. అక్కడ నిద్రపోతున్నట్లు నటించాలి (క్రాథనం), వాతరోగివలె వణకాలి (స్పందనం), కుంటుతూ నడవాలి (మందనం). లోకులు ఉన్మత్తుడని దూషించాలి. అకారణంగా దూషించినవారి పుణ్యం సాధకునికీ, సాధకుని పాపం వారికీ సంక్రమిస్తాయని విశ్వాసం. అవమానమే ఇక్కడ తపస్సు. ఆరోగ్యం కోసం అవయవాలను చక్కదిద్దుకొనే సాధనకు ఇది పూర్తిగా ఎదురుదిశ: చక్కని కాలుండీ కుంటడం, అహంకారం కూలడానికి. ఆ తరువాతనే శూన్యగృహంలోనో గుహలోనో ఇంద్రియజయం, పిదప శ్మశానవాసం, చివరికి రుద్రసాయుజ్యం.

ఈ సూత్రాలూ భాష్యమూ 1940లో తిరువనంతపురం నుంచి ముద్రితమయ్యేవరకు పాశుపతాన్ని గురించిన పరిజ్ఞానం ఎక్కువగా 'సర్వదర్శనసంగ్రహం' వంటి ఇతరుల రచనలపైనే ఆధారపడింది. అందువల్ల ఆ కాలానికి ముందు వెలువడిన పరిశీలనలలో ఈ వింత ఆచరణల పరమార్థం స్పష్టంగా తెలియకపోవడంలో వింత లేదు.

అయితే లకులీశశిల్పం ఉన్నంత మాత్రాన ఈ వ్రతాలన్నీ వంశధార ఒడ్డున యథాతథంగా ఆచరించారని నిర్ధారించడం తొందరపాటవుతుంది. ఆలయశిల్పం ఒక సంప్రదాయంపై గౌరవానికి సాక్ష్యం కాగలదు; నిత్యాచరణకు సాక్ష్యం కావాలంటే ఆచార్యులనూ, మఠాలనూ, దానాలనూ పేర్కొనే శాసనాలు కావాలి. మథురలో అటువంటిదే లభించింది. రెండవ చంద్రగుప్తుని కాలపు స్తంభశాసనం (క్రీ.శ. 380) కుశికుని నుంచి పదవవాడైన ఉదితాచార్యుని పేర్కొంటుంది. ముఖలింగ శిల్పాన్ని ఇంత గట్టి సాక్ష్యంతో సమానంగా చూడరాదు.

తెలుగు సాహిత్యంలో యోగులు మరో రూపంలో ప్రవేశించారు. 15వ శతాబ్దిలో గౌరన రచించిన 'నవనాథచరిత్ర' ద్విపద శ్రీశైల భిక్షావృత్తి మఠంతో ముడిపడినది. అక్కడ యోగి సిద్ధుడు, అద్భుతాలు చూపగలవాడు; పాశుపత సాధకునివలె అవమానాన్ని వెతుక్కొంటూ వెళ్లేవాడు కాడు. యోగమనే మాట ఒకటే, ఆదర్శపురుషుడు వేరు. ఈ రెండింటినీ 'శైవయోగం' అన్న ఒకే శీర్షిక కింద చేర్చే అలవాటు ఆ భేదాన్ని కప్పివేసింది.

కళింగంలో రాజాదరణ సైతం మళ్లింది. అనంతవర్మ చోడగంగుని కాలంలో పూరీ జగన్నాథాలయ నిర్మాణం సాగింది. క్రీ.శ. 1281 నాటి నరహరితీర్థుల శాసనం శ్రీకూర్మంలో మధ్వమత ప్రాబల్యాన్ని తెలుపుతుంది. ముఖలింగంలో శివార్చన మాత్రం ఆగలేదు. లకుటం ధరించిన యోగి ఆలయశిల్పాలలో నిలిచాడు; ఆ లకుటానికి అర్థం చెప్పగల శాస్త్రం శతాబ్దాలపాటు తాళపత్రాలలోనే ఉండిపోయింది.