గుడి కంటే ముందు వీధి పోయింది

1981 జులై 14 తెల్లవారుజామున అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో పోలీసులు ఒక కతోలిక గుడిలోకి చొరబడ్డారు. లోపలున్నవాళ్లు దొంగలు కారు, ఆ గుడికి చెందిన పోలిష్ ముసలమ్మలూ వాళ్ల తోడొచ్చినవాళ్లూ. అమలోద్భవి మాత గుడిని కూల్చనివ్వం అంటూ 29 రోజులుగా అక్కడే బైఠాయించారు. వాళ్లను బయటికి పంపిన కొద్ది రోజులకే గుడి నేలమట్టమైంది.

ఆ పేట పేరు పోల్‌టౌన్. పోలిష్ వలసదారులు కట్టుకున్నది. అప్పటికి నల్లజాతివాళ్లూ చాలామంది ఉండేవారు. జనరల్ మోటార్స్ కొత్త కార్ల ఫ్యాక్టరీకి ఆ స్థలం కావాలంది. ఆరు వేల ఉద్యోగాలన్నారు. పని లేక ఊరు ఖాళీ అవుతున్న రోజులవి, మేయర్ కోల్‌మన్ యంగ్ ఆశపడ్డాడంటే తప్పుపట్టలేం. సుమారు 4,200 మంది ఇళ్లు వదిలారు. ఆ స్థలసేకరణకు మిషిగన్ సుప్రీంకోర్టు మార్చిలోనే సరేనంది. కోర్టు సంగతి అటుంచండి, గుడిని నగరానికి అమ్మింది స్వయానా డెట్రాయిట్ కతోలిక అగ్రపీఠమే! గుడి గురువు జోసెఫ్ కరాసివిచ్ మాత్రం తన జనం పక్కనే నిలబడ్డారు. ఆ డిసెంబరులోనే గుండెపోటుతో కన్నుమూశారు.

పారిష్‌ను మన తెలుగు కతోలికులు ‘విచారణ’ అంటారు. పోలిష్ పేటల్లో అది అక్షరాలా విచారణే. గుడి, పక్కనే సిస్టర్ల బడి, నాలుగడుగుల్లో రొట్టెల కొట్టు. పూజకు నడిచే వెళ్లేవారు. ఒక ఆదివారం కనబడకపోతే ఒంట్లో బాగాలేదా అని పక్కింటావిడ తలుపు తట్టేది. భక్తిలో సగం ఆ తలుపు చప్పుడే అనిపిస్తుంది నాకు.

బుల్‌డోజర్ కంటే ముందే ఆ చప్పుడు తగ్గుతూ వచ్చింది. యుద్ధం తర్వాత హైవేలు వచ్చాయి, పిల్లలు శివార్లలో ఇళ్లు కొనుక్కున్నారు. రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజలో లాటిన్ కూడా పోయింది. వీధీ, భాషా ఇంచుమించు ఒకే తరంలో చేజారితే ముసలివాళ్లకు మిగిలేదేముంది? 1989లో అదే అగ్రపీఠం సుమారు 30 విచారణలకు తాళం వేసింది.

తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. డెట్రాయిట్‌లోనే జర్మన్ వలసదారులు 1870లలో కట్టిన సెయింట్ జోసెఫ్ గుడిని 2016లో పాత లాటిన్ పూజ చేసే గురువుల సంఘానికి అప్పగించారు. అక్కడ ఇప్పుడు చంటిపిల్లలతో యువ దంపతులు కనిపిస్తారు. తాతలు వదిలేసిన పూజను వెతుక్కుంటూ చాలామంది శివార్ల నుంచి కార్లలో వస్తారు. దీన్ని పాతమోజు అని కొట్టిపారేయను. కాకపోతే పూజ అయ్యాక ఎవరి కారు వాళ్లది. వచ్చే ఆదివారం రాకపోతే తలుపు తట్టడానికి పక్కింటావిడ లేదు.

2004లో మిషిగన్ సుప్రీంకోర్టు పోల్‌టౌన్ తీర్పు తప్పని తనే తేల్చి కొట్టేసింది. అప్పటికి గుడి కూలి 23 ఏళ్లు.