వేపనూనె మీద పదేళ్ల వ్యాజ్యం

మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో వేపనూనె పరీక్ష వచ్చిన రోజు నేను పాఠం మ్యూనిక్ నుంచి మొదలుపెడతాను. 1994లో అక్కడి యూరోపియన్ పేటెంట్ కార్యాలయం అమెరికా వ్యవసాయ శాఖకూ డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీకీ కలిపి ఒక పేటెంటు ఇచ్చింది. మొక్కలకు పట్టే బూజు తెగుళ్లను వేపనూనెతో అరికట్టే పద్ధతి మీద హక్కు అది. ద్రావణితో తీసిన నూనె 0.1 నుంచి 10 శాతం, అది నీళ్లలో కలవడానికి కొంచెం ఎమల్సిఫయరు, తక్కినవి నీళ్లు.

"ఇది మా తాత చేసేదే కదండీ" అంటారు పిల్లలు. అనాల్సిందే. కానీ తాత చేసేవాడంటే పేటెంటు కార్యాలయం వినదు. ఎక్కడ, ఎప్పుడు, ఏ పంట మీద చేశాడో చూపించాలి. 1995లో పర్యావరణవేత్త వందనా శివ, యూరోపియన్ పార్లమెంటు గ్రీన్ సభ్యురాలు మాగ్దా ఆల్‌వూట్, సేంద్రియ వ్యవసాయ సంఘాల సమాఖ్య ఐఫోమ్ కలిసి అభ్యంతరం వేశారు. ఆ పేటెంటుకు ఏళ్ల ముందే అలాంటి నూనె తీసి పొలాల్లో వాడి చూశామని మన దేశపు ఫ్యాక్టరీ యజమాని ఒకాయన వెళ్లి సాక్ష్యం చెప్పాడు. 2000 మే 10న పేటెంటు రద్దయింది. అప్పీలునూ 2005 మార్చి 8న కొట్టేశారు. వేపలోని రసాయనాల సంగతి మనవాళ్లకు అప్పటికే కొత్త కాదు. రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ 1942లోనే వేపనూనె నుంచి నింబిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు.

ఇక మన పరీక్ష ప్లేటు దగ్గరికి వద్దాం. నూనె అగార్‌లో కలవదు, చుక్కలు చుక్కలుగా పైకి తేలుతుంది. ట్వీన్-80 అనే ఎమల్సిఫయరు వేసి, అగార్ గడ్డకట్టకముందే బాగా కలిపి పోయాలి. నడిమధ్య బూజు ముక్క పెట్టి, అది ఎంత మేర పాకిందో మిల్లీమీటర్లలో కొలవాలి. పక్కన ఏమీ కలపని ప్లేటు ఒకటి, ట్వీన్ మాత్రమే కలిపిన ప్లేటు ఇంకొకటి ఉండాలి. ఈ మూడోది పెట్టని విద్యార్థికి నేను మార్కులు వేయను. బూజును ఆపింది వేపో ట్వీనో ఎలా తెలుస్తుంది మరి?

వేప మీద చేసే ఇంకో పరీక్ష యాంటీఆక్సిడెంట్ గుణానిది. దానికి 1958లో బ్లోయిస్ చెప్పిన డీపీపీహెచ్ పద్ధతే ఇప్పటికీ వాడుతున్నాం. డీపీపీహెచ్ ఊదారంగు ద్రావణం పసుపుకు తిరిగితే వేప కషాయంలో ఆ గుణం ఉన్నట్టు. అది పరీక్షనాళికలో మాట. ఒంట్లో కూడా అలాగే పనిచేస్తుందని దాన్ని చూపి రాయడం తప్పు.

ఎక్కడ, ఎప్పుడు అన్నదానికి రుజువు ఉండాలి కాబట్టి ఈ ఏడాది ప్రాజెక్టు చేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. గింజలు ఏ ఊరివి, ఏ నెలలో ఏరారు, నూనె గానుగలో ఆడించిందా, హెక్సేన్‌తో తీసిందా అన్నది నోటుబుక్కులో తేదీతో రాయండి. ఆ చెట్టు కొమ్మ ఒకటి ఆరబెట్టి హెర్బేరియంలో పెట్టండి. వాడకం చెప్పిన రైతు ఒప్పుకుంటే ఆయన పేరూ రాయండి.