రక్తనాళపు లోపొర బయటపెట్టిన రహస్యం

గుండెలో నొప్పి రాగానే నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టుకోవడం మనలో చాలామందికి తెలిసిన వైద్యమే. ఆ కోవ మందుల్లో పాతది నైట్రోగ్లిజరిన్. 1879లో లండన్ వైద్యుడు విలియం మరెల్ దాని గుణాన్ని లోకానికి చెప్పాడు. నొప్పి తగ్గేది. ఎలా తగ్గుతోందో మాత్రం దాదాపు వందేళ్లు ఎవరికీ అంతుబట్టలేదు.

జవాబు మరో చిక్కుముడిలోంచి వచ్చింది. నరాల చివర్ల నుంచి వెలువడే అసిటైల్‌కోలిన్‌ను జంతువుకు ఎక్కిస్తే రక్తనాళాలు విప్పారి, బీపీ పడిపోతుంది. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ అదే రసాయనాన్ని కుందేలు బృహద్ధమని ముక్కకు తగిలిస్తే, అది బిగుసుకునేది. ఈ వైరుధ్యం పాతికేళ్లు అలాగే ఉండిపోయింది.

1978లో ఒకరోజు ప్రయోగశాల సహాయకుడు వరస తప్పి మందులు వేశాడు. ఆ పూట ధమని ముక్క బిగుసుకోవాల్సింది పోయి సడలింది. పొరపాటు ఫలితమే కదా అని ఫర్చ్‌గాట్ దాన్ని కొట్టిపారేయలేదు. కారణం కోసం వెతికాడు. అంతకుముందు ధమనిని పట్టీలుగా కోసేటప్పుడు లోపలి పొర రాపిడికి ఊడిపోయేది. ఈసారి ఉంగరాల్లా కోయడంతో ఆ పొర చెక్కుచెదరలేదు. ఒక్క కణం మందంలో ఉండే ఆ పొరను అప్పటిదాకా ఉత్త అస్తరు గుడ్డలా చూసేవారు.

పొర ఊడిన పట్టీని, పొర ఉన్న పట్టీని ఎదురెదురుగా ఆనించి అసిటైల్‌కోలిన్ వేస్తే, పొర లేనిది కూడా సడలింది. అంటే లోపొర ఏదో పదార్థాన్ని పక్కనున్న కండరానికి పంపుతోంది. 1980లో ఈ సంగతి ‘నేచర్’ పత్రికలో వచ్చింది.

ఆ పదార్థం ఏమిటి? నైట్రోగ్లిజరిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వాయువు పుట్టి కండరాన్ని సడలిస్తుందని ఫెరిడ్ మురాద్ 1977లోనే కనుగొన్నాడు. లోపొర పంపేదీ అదే కావచ్చని 1986లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో ఎవరికి వారుగా ప్రతిపాదించారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో సాల్వడార్ మొంకాడా బృందం ఆ వాయువును కొలిచి చూపింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి దక్కింది.

దీనితో రోగాల మూలం కొత్తగా అర్థమైంది. అధిక రక్తపోటు, మధుమేహం, పొగ తాగడం ముందుగా దెబ్బతీసేది ఈ లోపొరనే. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గితే నాళం బిగుస్తుంది, గోడకు కొవ్వు పేరుకోవడం సులువవుతుంది. పుట్టగానే ఊపిరితిత్తుల నాళాలు విప్పుకోక విలవిల్లాడే పసికందులకు ఈ వాయువునే శ్వాసతో అందించే చికిత్సను 1999లో అమెరికా ఆమోదించింది. మందు పనిచేస్తోంది కదా, చాలు అనుకుని ఊరుకుని ఉంటే, ఆ బిడ్డలకు ఈ ఊపిరి అందేది కాదు.