దిద్దుబాటుకు ప్రమాణమేది? వ్యాసరచన పరీక్షల చరిత్ర, కృత్రిమ మేధ, పశ్చిమ నెల్లూరు భాష

విద్యార్థి వ్యాసాన్ని దిద్దడంలో రెండు పనులున్నాయి: మార్కు వేయడం, దోషం చూపి సవరణ చెప్పడం. రెండింటికీ ముందు ఒక భాషారూపాన్ని ప్రమాణంగా అంగీకరించాలి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత ఈ పనులను జనరేటివ్ కృత్రిమ మేధకు అప్పగించవచ్చునా అన్న చర్చ విస్తరించింది. తెలుగు విషయంలో ఆ చర్చకు ముందు తేలవలసింది ప్రమాణం సంగతి. ఈ సమస్య నూరేళ్ల కిందటే మద్రాసు రాజధాని పరీక్షలలో తలెత్తింది. ఆ చరిత్ర ఆధారంగా, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల భాషను ఉదాహరణగా తీసుకొని యంత్ర మూల్యాంకనాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరీక్షలలో భాషావివాదం

1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ పుస్తకభాషకు, వాడుకభాషకు ఉన్న దూరాన్ని గురించి ప్రశ్నించాడు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఈ ప్రశ్నను ఉద్యమంగా మలిచారు. 1912-13లో స్కూలు ఫైనలు విద్యార్థులు కావ్యభాషలోగాని ఆధునికభాషలోగాని వ్యాసం రాయవచ్చునన్న వెసులుబాటు వచ్చింది. జయంతి రామయ్య, వేదము వేంకటరాయశాస్త్రి ప్రభృతులు దీనిని తీవ్రంగా ప్రతిఘటించారు. ఆ వెసులుబాటు నిలవలేదు.

వివాదంలో గిడుగు చూపిన ఒక అంశం నేటికీ ముఖ్యం. గ్రాంథికాన్ని సమర్థించిన పండితుల రచనలలోనే వారి నియమాలకు విరుద్ధమైన రూపాలు ఉన్నాయని ఆయన ఉదాహరణలతో నిరూపించారు. దిద్దేవారే నిలకడగా పాటించలేని నియమంతో విద్యార్థికి మార్కు తగ్గించడం న్యాయమా అన్న ప్రశ్న ఇందులో ఉంది.

యంత్ర మూల్యాంకనం

యంత్రంతో వ్యాసాలు దిద్దించే ప్రయత్నం కొత్తది కాదు. అమెరికాలో ఎలిస్ పేజ్ 1966లోనే దీనిని ప్రతిపాదించాడు. వ్యాసం నిడివి, పదాల పొడవు వంటి కొలవదగిన లక్షణాల నుంచి మార్కును ఊహించడం ఆయన పద్ధతి. 1999 నుంచి జీమ్యాట్ పరీక్షలో ఈ-రేటర్ అనే వ్యవస్థ మనిషితోపాటు మార్కులు వేసింది. నేటి భాషానమూనాలు ఇందుకు భిన్నంగా అపారమైన పాఠ్యరాశి నుంచి భాషను నేర్చుకుంటాయి. కనుక ఆ రాశిలో విస్తారంగా ఉన్న రూపం వాటికి సహజంగా, అరుదైన రూపం దోషంగా కనిపించే ప్రమాదం ఉంది. ఇక్కడ ప్రమాణాన్ని ఏ పండిత పరిషత్తూ చర్చించి నిర్ణయించదు. అచ్చులో, అంతర్జాలంలో ఏది అధికమో అదే ప్రమాణమవుతుంది.

పశ్చిమ నెల్లూరు భాష

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలాలుగా విభజించారు. ఆధునిక ప్రమాణభాషకు ఆధారం కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల మధ్యమండలం. నెల్లూరు దక్షిణమండలంలోకి వస్తుంది. పదమూడో శతాబ్దంలో తిక్కన వల్ల కావ్యభాషకు కేంద్రమైన నెల్లూరు, ఆధునిక ప్రమాణం రూపొందిన వేళ అంచుకు చేరింది. కడప సరిహద్దు వైపున్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు మరింత దూరం.

ఒక విద్యార్థి “మా నాయన చేనికి పోతా ఉండాడు” అని రాస్తే, ‘పోతూ ఉన్నాడు’ అని సవరించడం సులభం. కాని ‘పోతా’, ‘ఉండాడు’ దక్షిణమండల వ్యాకరణానికి లోబడిన రూపాలు. అక్షరదోషాలతో వాటిని జమకట్టరాదు. ఈ ప్రాంతపు వచనానికి పుస్తకభాషకు వెలుపల కూడా చరిత్ర ఉంది. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి 1905లో ప్రకటించిన మూడు సంపుటాల నెల్లూరు జిల్లా శాసనాలలో ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శాసనాలు కూడా ఉన్నాయి.

ముగింపు

ఉపాధ్యాయుని చేతిలోనూ ప్రాంతీయరూపం ఎర్రసిరా పాలు కావచ్చు. అయితే ఆ ఉపాధ్యాయుడు విద్యార్థి ఊరిభాషను వినగలడు, ప్రశ్నిస్తే సమాధానం చెప్పవలసినవాడు. యంత్రం చేసే ఒకే రకమైన సవరణ వేల పత్రాలలో పునరావృతమైనా ప్రశ్నించేందుకు ఎదుట ఎవరూ ఉండరు. అందువల్ల యంత్రసహాయం తీసుకున్నా మూడింటిని వేరుచేయాలి: అక్షరదోషం, ప్రాంతీయరూపం, ఆలోచనాలోపం. మొదటిదాన్ని యంత్రం గుర్తించవచ్చు. రెండవదానికి మార్కు తగ్గించకుండా, ప్రమాణరూపాన్ని పక్కన చూపితే చాలు. మూడవదానిపై తుదినిర్ణయం ఉపాధ్యాయునిదే కావాలి. రెండవ అంశంలో యంత్రానికి ఆధారం కల్పించాలంటే మాండలిక పదకోశాలను, ప్రాంతీయ రచనలను పాఠ్యరాశిలో చేర్చాలి. ఆ బాధ్యత తెలుగు శాఖలదే.