సైనికపు లారీ రహదారి కెక్కిన వైనము

అమెరికా సైన్యము కొరకు డాడ్జి సంస్థ 1951లో ఎం-37 అను ముప్పాతిక టన్ను బండ్ల నిర్మాణమునకు పూనుకొనెను. 1968 వరకు అట్టివి లక్షకు మించి తయారైనవి. బురదలో, కొండదారులలో నడచుటకై పుట్టిన బండి యది. ఇంజను 78 అశ్వబలములదే. కనుక లాగుడుబలమును పళ్ళచక్రములే కూర్పవలెను. ఇరుసులోని పినియను 5.83 మారులు తిరిగినగాని బండిచక్రము ఒక మారు తిరుగదు.

సైన్యము విడిచిన పిమ్మట ఈ బండ్లు రైతులకును, అగ్నిమాపక దళములకును చేరినవి. పొలమున వానికి సాటిలేదు. రహదారిపై మాత్రము గంటకు 55 మైళ్ళు నడపినచో ఇంజను నిమిషమునకు సుమారు 3,000 చుట్లు తిరుగుచు రొద పెట్టును. సైన్యము దానికి విధించిన తుదిహద్దు కూడ అంతియే.

అందుచే పలువురు యజమానులు 4.89 నిష్పత్తి గల క్రౌను, పినియనులను తెచ్చి బిగించుకొనిరి. అదే వేగమునకు చుట్లు 2,550కి దిగినవి. ఇది ముందు వెనుక ఇరుసులు రెంటికిని చేయవలసిన పని. ఒకదానినే మార్చి నాలుగు చక్రములకును శక్తి నిచ్చినచో, గట్టినేలపై ఇరుసులు రెండును ఒకదానితో నొకటి పెనగులాడి పండ్లు విరుగును. వేగము చూపు ముల్లు సైతము ఆరవపాలు తక్కువ చెప్పును. లాగుడుబలములోను అంతే తరుగు. బురదలో బరువులు లాగు రైతునకు ఈ మార్పు నష్టమే.

బ్రేకు డ్రమ్ములు మాత్రము పాతవే. ఇది గ్రహించిన కొందరు ముందు చక్రములకు డిస్కు బ్రేకులు గూడ అమర్చుకొనిరి.