ఎవరు ఎవర్ని క్షమించాలి?

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. మద్రాసు రాజధానిలో నేరస్థ తెగల చట్టం అమలుకు దారి తీసిందీ ఆ సంవత్సరమే. జిల్లా పుట్టుక మన పిల్లలకు బడిలో తెలుస్తుంది. రెండో సంగతి ఇంట్లో పెద్దవాళ్ళు చెబితేనే తెలుస్తుంది.

ఆ చట్టం 1871లో ఉత్తరాదిన మొదలైంది. సర్కారు ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటిస్తే, అది న్యాయమా కాదా అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేదు. పేరు రిజిస్టరుకెక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా అందులో ఉంది. మన ఎరుకలవాళ్ళు, కొన్నిచోట్ల యానాదులు దీని కిందికి వచ్చారు. అంతకుముందు ఎరుకలవాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుపోయి అమ్మేవాళ్ళు. రైలు వచ్చింది, ఉప్పు సర్కారు చేతిలోకి పోయింది, 1876–78 కరువు మిగిలినదాన్ని ఊడ్చేసింది. బతుకుతెరువు పోయినవాడి తిరుగుడే నేరమైపోయింది.

ఇది జరిగింది ఎలాంటి సీమలో? శ్రీకాళహస్తిలో వేటగాడు తిన్నడు మాంసం నైవేద్యం పెడితే శివుడు కాదనలేదని, కన్నప్పగా చేసుకున్నాడని చెప్పుకునే సీమలో. నారాయణవనంలో పద్మావతి తల్లికి ఎరుక చెప్పడానికి వెంకటేశ్వరుడే ఎరుకలసానిగా వచ్చాడని కథ విని చేతులు జోడించే సీమలో. కథలో ఎరుకలసానికి పీట వేస్తారు. వీధిలోకి వచ్చిన ఎరుకలామెను చూస్తే మాత్రం చెంబూ తపేలా లోపల పెట్టుకుంటారు.

ఈ చట్టం పక్కనే క్రైస్తవ మిషన్లు వచ్చాయి. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీవాళ్ళు ఎరుకలవాళ్ళ కోసం సెటిల్‌మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలోని పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద అది స్టువర్టుపురం అయింది. నెల్లూరు వైపు కావలిలో అమెరికన్ బాప్టిస్టులు మరొకటి నడిపారు. బడి పెట్టారు, మందిచ్చారు, సేద్యం నేర్పారు. ఎవరూ గడప తొక్కనివ్వని మనిషిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇది చిన్న విషయమని మేము అనం.

వాళ్ళు చెప్పిన సువార్తలో తప్పిపోయిన కుమారుడి కథ ఉంది. ఆస్తి పాడుచేసుకుని తిరిగొచ్చిన కొడుకును తండ్రి లెక్కలు అడగడు, దూరాన చూడగానే ఎదురు పరిగెత్తుతాడు. కృప అంటే అదే, కూలికి వచ్చేది కాదు. కానీ సెటిల్‌మెంటులో కృప పక్కనే హాజరుపట్టీ ఉంది. ఆదివారం పాపం క్షమించబడిందని విన్న మనిషి సోమవారం బయటికి వెళ్ళాలంటే చీటీ అడుక్కోవాలి. బాప్తిస్మం తీసుకున్నా రిజిస్టరులో పేరు పోదు, అది కొట్టేసే అధికారం సర్కారుదే. పైగా ఆ కథలో కొడుకు నిజంగా తప్పు చేశాడు. ఇక్కడ ఉయ్యాలలో బిడ్డ ఏ తప్పు చేశాడని క్షమించాలి? మిషన్లు దొంగను క్షమించడం నేర్పాయి, మంచిదే. పుట్టుకనే నేరమన్న చట్టం మన ముందు మోకరించాలని మాత్రం అవి గట్టిగా అడగలేదు. చట్టం తాళంచెవి పట్టుకుని ఆ మాట అడగడం కష్టమే మరి.

తర్వాత అదే స్టువర్టుపురంలో నాస్తికులైన లవణం, కవి జాషువా కూతురు హేమలత లవణం ఏళ్ళ తరబడి పనిచేశారు. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఆ తండ్రిలాగే ఎదురు నడిచారు.

1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. 1962లో మన రాష్ట్రంలో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. విముక్త జాతులవాళ్ళను పోలీసులు ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకూడదని 2024 అక్టోబరు 3న కూడా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఈలోగా స్టువర్టుపురం పేరు సినిమాలకు దొంగల ఊరుగా పనికొచ్చింది, 1991లో ఒకటి, 2023లో ఇంకొకటి. మన పిల్లలు టికెట్టు కొని అవి చూశారు.