రోడ్డుకూ మట్టి ట్రాక్‌కూ ఒకే సస్పెన్షన్: పదపదానికీ వ్యాఖ్య

వారమంతా ఆఫీసుకు తీసుకెళ్లే కారే ఆదివారం మట్టి ఆటోక్రాస్‌లో దిగాలి. దానికి ఎలాంటి సస్పెన్షన్ వేయించాలి? ఈ ప్రశ్నకు దుకాణంలో దొరికే జవాబులో అన్నీ వస్తువుల పేర్లే ఉంటాయి: లోయరింగ్ స్ప్రింగులు, కాయిలోవర్లు, గ్యాస్ షాక్ అబ్జార్బర్లు. ఆ పేర్ల వెనకున్న అర్థం నిక్కచ్చిగా తెలియకుండా డబ్బు పెడితే వీధిలో సుఖమూ పోతుంది, ట్రాక్ మీద వేగమూ రాదు. అందుకని ఒక్కొక్క పదాన్నీ నిదానంగా విప్పి చూద్దాం. ఉదాహరణకు మన రోడ్ల మీద విరివిగా కనిపించే మారుతీ స్విఫ్ట్‌ను, అందులో 2018లో వచ్చిన తరాన్ని తీసుకుంటాను.

ముందు పోటీ సంగతి. మట్టి ఆటోక్రాస్ అనగా ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి దారి గీసి, మామూలుగా ఒక్కో కారునే వదిలి, గడియారంతో కొలిచే పందెం. అమెరికాలో ఉంటున్న మన కుర్రాళ్లు అక్కడి స్పోర్ట్స్ కార్ క్లబ్ (ఎస్‌సీసీఏ) వారి ర్యాలీక్రాస్ పేరుతో దాదాపు ఇదే ఆటను చూసి ఉంటారు. అక్కడ అన్ని పరుగుల సమయాన్నీ కూడతారు. కోను తగిలితే 2 సెకన్లు అదనం. అంటే ఒక్క మెరుపు పరుగు చాలదు, ప్రతి పరుగూ లెక్కలోకి వస్తుంది. మరో విషయం: ఉదయం చదునుగా ఉన్న మట్టి మధ్యాహ్నానికి గాడులు పడుతుంది. కాబట్టి సస్పెన్షన్ ఎంచుకోవాల్సింది ఉదయపు నేలను చూసి కాదు, ఆఖరి పరుగు నాటి నేలను చూసి.

సస్పెన్షన్ అంటే చక్రానికీ బాడీకీ మధ్య ఉన్న సమస్త ఏర్పాటు: స్ప్రింగు, డ్యాంపర్, ఆర్ములు, బుష్షులు. దాని పని లోపల కూర్చున్నవారిని సుఖపెట్టడం అనుకుంటాం. అది రెండో పని. మొదటి పని టైరును నేలకు అదిమి ఉంచడం, అదీ వీలైనంత వరకు హెచ్చుతగ్గులు లేని బరువుతో. గాలిలోకి లేచిన టైరుతో కారు మలుపు తిరగదు, ఆగదు, ముందుకు లాగదు. నున్నటి తారు ట్రాక్ మీద గట్టి సస్పెన్షన్ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ చక్రం దిగి అందుకోవాల్సిన గుంటలు లేవు. గట్టిగా ఉంటేనే వేగం అనే నమ్మకం అక్కడి నుంచి వచ్చింది. మట్టికి అది చెల్లదు, మన వీధులకూ చెల్లదు. గతుకుల వీధీ మట్టి ట్రాకూ అడిగేది దాదాపు ఒకే సస్పెన్షన్. ఈ రెంటికీ వైరం ఉందనుకోవడమే అసలు పొరపాటు.

స్ప్రింగ్ రేటు: స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎంత బలం కావాలో చెప్పే అంకె. బజారులో ‘2 కిలోల స్ప్రింగు’ అంటే మిల్లీమీటరుకు 2 కిలోల బరువు, అనగా సుమారు 20 న్యూటన్లు. ఈ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. అది మోసే బరువుతో కలిపి చూడాలి. ముందు చక్రం ఒక్కొక్కదాని మీద బాడీ బరువు 250 కిలోలు పడుతోందనుకుందాం. 20 న్యూటన్ల స్ప్రింగు ఆ బరువు కింద సుమారు 122 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఆ బాడీ సెకనుకు 1.4 సార్లు ఊగుతుంది, అంటే దాని సహజ పౌనఃపున్యం 1.4 హెర్ట్జ్. మామూలు కార్లు ఈ చుట్టుపక్కలే ఉంటాయి. స్ప్రింగును రెట్టింపు గట్టిది చేస్తే కుంగుడు 61 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, ఊగుడు 2 హెర్ట్జ్‌కు పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది చూడని సూక్ష్మం ఒకటుంది. బరువు కింద స్ప్రింగు ఎంత కుంగిందో, చక్రం కిందికి దిగేటప్పుడు దాన్ని నేల వైపు నెట్టగలిగేది కూడా అంతే. ఆ దూరం దాటాక స్ప్రింగు వదులైపోతుంది. చక్రం వేలాడుతుందే తప్ప నేలను నొక్కదు. అంటే గట్టి స్ప్రింగు వేయించినవాడు, తనకు తెలియకుండానే, గుంటలోకి దిగి నేలను అందుకునే శక్తిని సగానికి కోసేశాడు. మట్టి మీద పట్టు ఎక్కువగా పోయేది ఇక్కడే.

ఒక హెచ్చరిక: వేరే కారువాళ్ల స్ప్రింగు అంకెను మీ కారుకు తెచ్చుకోకండి. చక్రం దగ్గర పనిచేసే గట్టిదనం వేరు, స్ప్రింగు గట్టిదనం వేరు. స్విఫ్ట్ ముందు భాగంలో ఉన్న మెక్‌ఫెర్సన్ స్ట్రట్‌లో స్ప్రింగు దాదాపు చక్రంతో సమానంగా కదులుతుంది కాబట్టి రెండూ దగ్గరగా ఉంటాయి. మరో కారులో చక్రం 10 కదిలితే స్ప్రింగు 7 మాత్రమే కదలవచ్చు; అప్పుడు చక్రం దగ్గర మిగిలేది స్ప్రింగు గట్టిదనంలో సగమే.

స్ప్రింగును కోసి కారును దించడం కొన్ని షెడ్లలో ఇంకా జరుగుతోంది. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు తాను కూర్చునే గిన్నెలోంచి జారిపోనూ వచ్చు. ఇది చేయనే కూడదు.

స్పేసర్: కారును ఎత్తడానికి పెట్టే దిమ్మ. ఒకే పేరుతో మూడు వేర్వేరు వస్తువులు అమ్ముతారు. స్ప్రింగు గిన్నెలో పెట్టేది బాడీని లేపుతుంది, పైకి నొక్కుకునే దూరాన్ని పెంచి కిందికి దిగే దూరాన్ని తగ్గిస్తుంది. స్ట్రట్ తలకూ బాడీకీ మధ్య పెట్టేది ఆ దూరాలను మార్చదు, కానీ డ్రైవ్‌షాఫ్టూ బాల్ జాయింట్లూ ఎప్పుడూ వంకరగానే పనిచేయాల్సి వస్తుంది. చుట్ల మధ్య దూర్చే రబ్బరు ముక్క కొన్ని చుట్లను కదలనివ్వదు, మిగతావాటి మీద భారం పెంచుతుంది. మూడోది వద్దు. మొదటి రెండూ కొద్ది మిల్లీమీటర్ల మేరకైతే సహించదగ్గవి.

డ్యాంపర్: మనం షాక్ అబ్జార్బర్ అని పిలిచేది. కుదుపును అందుకునేది స్ప్రింగు. అందుకున్న శక్తిని ఊగుడుగా తిరిగి ఇవ్వకుండా, నూనెను సన్నని కంతల గుండా తోసి వేడిగా మార్చేది డ్యాంపర్. దీనికి రెండు దిక్కులున్నాయి. చక్రం పైకి వచ్చేటప్పటి నిరోధం బంప్, కిందికి దిగేటప్పటిది రీబౌండ్. మామూలుగా రీబౌండే ఎక్కువగా ఉంచుతారు, ఎందుకంటే నొక్కుకున్న స్ప్రింగు తిరిగి విచ్చుకునే జోరును అదుపు చేయాల్సింది అదే.

అయితే రీబౌండ్ మితిమీరితే ఏమవుతుంది? చక్రం గుంట దాటి కిందికి దిగేలోపే తర్వాతి గుట్ట వస్తుంది. మళ్లీ నొక్కుకుంటుంది, మళ్లీ సగమే దిగుతుంది. ఇలా వరసగా పది గుట్టలు దాటేసరికి బాడీ క్రమంగా కిందికి కుంగి బంప్ స్టాపుల మీద కూర్చుంటుంది. డ్రైవరుకు స్ప్రింగులు మెత్తగా ఉన్నాయనిపిస్తుంది, గట్టివి కొంటాడు, రోగం ముదురుతుంది. గాడులు పడ్డ మట్టి మీద కారు అడుగు కొడుతుంటే స్ప్రింగు మార్చే ముందు రీబౌండ్‌ను తగ్గించి చూడాలి. సర్దుబాటుకు ఒక్క మర ఉన్న డ్యాంపర్లలో చాలావరకు ఆ మర ప్రధానంగా రీబౌండ్‌నే మారుస్తుంది, కొన్నిటిలో రెంటినీ కలిపి మారుస్తుంది. ఏది మారుతుందో అడిగి తెలుసుకున్నాకే కొనండి.

లో స్పీడ్, హై స్పీడ్ డ్యాంపింగ్: ఈ జంట చేసినంత గందరగోళం మరేదీ చేయలేదు. ఇక్కడ స్పీడ్ అంటే కారు వేగం కాదు, డ్యాంపర్ కడ్డీ కదిలే వేగం. గంటకు 100 కిలోమీటర్ల మీద బాడీ మెల్లగా ఒరగడం లో స్పీడ్. గంటకు 20 మీద చక్రం గుంటలో దబ్బున పడటం హై స్పీడ్. మట్టికీ వీధికీ కలిపి కావాల్సింది లో స్పీడ్‌లో కాస్త బిగువు, హై స్పీడ్‌లో ధారాళంగా నూనెను వదిలే గుణం. మంచి డ్యాంపర్‌కు ఎక్కువ ధర పెట్టేది ఈ గుణానికే.

ట్విన్ ట్యూబ్, మోనో ట్యూబ్: మొదటిదాంట్లో గొట్టంలో గొట్టం, నూనె రెంటి మధ్యా తిరుగుతుంది. రెండోదాంట్లో గొట్టం ఒక్కటే, నూనెకూ అధిక పీడనంలోని వాయువుకూ మధ్య కదిలే బిళ్ల. మోనో ట్యూబ్ వేడిని తేలిగ్గా బయటికి వదులుతుంది, నూనె నురగ కట్టదు. కాని దాని పిస్టన్ బయటి గోడనే రాసుకుంటూ కదులుతుంది కాబట్టి రాయి తగిలి గోడ సొట్టపోతే పిస్టన్ ఇరుక్కుంటుంది. ట్విన్ ట్యూబ్ బయటి గొట్టం చిన్న సొట్టను ఓర్చుకుంటుంది. ‘గ్యాస్’ అని రాసి ఉన్నంత మాత్రాన మోనో ట్యూబ్ కాదు. తక్కువ పీడనపు గ్యాస్ నింపిన ట్విన్ ట్యూబులూ ఉన్నాయి. నిమిషం, రెండు నిమిషాల పరుగులకు మంచి ట్విన్ ట్యూబ్ చాలునని నా నిర్ణయం. గంటల తరబడి సాగే ర్యాలీ అయితే మాట వేరు.

ట్రావెల్: చక్రం పైకీ కిందికీ కదలగలిగే మొత్తం దూరం. మట్టి పోటీలో దీన్ని మించిన ఆస్తి లేదు. కారును 30 మిల్లీమీటర్లు దించితే పైకి కదిలే దూరం అంత పోయినట్టే. ఎంత వాడుతున్నారో తెలుసుకోవాలంటే, డ్యాంపర్ కడ్డీ మీది రబ్బరు తొడుగు ఎత్తి కడ్డీకి ఒక సన్నని ప్లాస్టిక్ టై బిగించండి. పరుగు తర్వాత అది ఎక్కడికి జరిగిందో చూడండి.

బంప్ స్టాప్: కడ్డీ చివర ఉండే నురగ రబ్బరు ముక్క. ఇది ఆపే గోడ మాత్రమే కాదు, మెల్లగా గట్టిపడే రెండో స్ప్రింగు. పొడిపొడిగా రాలిపోయి ఉంటే వెంటనే మార్పించాలి. ఖర్చు స్వల్పం, లేకపోతే నష్టం స్ట్రట్ తలకు.

గ్రౌండ్ క్లియరెన్స్: ఖాళీ కారు అడుగుకూ నేలకూ మధ్య దూరం. ఈ స్విఫ్ట్‌కు 163 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. కాలనీల్లో ఎవరికి వారు పోసుకునే సిమెంటు దిమ్మలు ఈ కొలతను పట్టించుకోవు. నలుగురు ఎక్కితే ఆ 163 ఇంకా తగ్గుతుంది. దించడమన్న ఆలోచన వదిలేసి, ఇంజను కింద సంప్ గార్డు వేయించండి.

కాయిలోవర్: డ్యాంపర్ చుట్టూ స్ప్రింగు ఉన్నదేదైనా కాయిలోవరే, ఆ లెక్కన కంపెనీ స్ట్రట్ కూడా అదే. అంగడిలో మాత్రం మరలు తిప్పి ఎత్తు మార్చే కిట్టుకే ఆ పేరు. వీధి కార్ల కోసం అమ్మేవాటిలో చాలావరకు కారును దించడానికి పొట్టిగా చేసినవి, అంటే ట్రావెల్ తక్కువవి. వాటి మరల్లో మట్టి చేరి బిగుసుకుంటుంది. స్విఫ్ట్ వెనక టార్షన్ బీమ్ ఉంది, స్ప్రింగూ డ్యాంపరూ విడివిడిగా ఉంటాయి. అక్కడ కాయిలోవర్ అన్న మాటకే చోటు లేదు.

యాంటీ రోల్ బార్: ఎడమ, కుడి చక్రాలను కలిపి బాడీ ఒరుగును తగ్గించే కడ్డీ. ముందు లావుపాటిది వేస్తే మలుపులో లోపలి చక్రం తేలికవుతుంది, అది వృథాగా తిరుగుతుంది, ముందు చక్రాలే లాగే కారుకు లాగుడు పోతుంది. కంపెనీది అలాగే ఉంచండి. పూర్తిగా తీసేసి రోడ్డెక్కడమూ వద్దు, అత్యవసరంగా తిప్పినప్పుడు కారు నడక మారిపోతుంది. బుష్షులు కొత్త రబ్బరువి చాలు.

టైరు: గతుకును మొట్టమొదట తాకే స్ప్రింగు ఇదే. ఈ స్విఫ్ట్‌కు కింది వేరియంట్లలో 165/80 ఆర్14, పై వేరియంట్లలో 185/65 ఆర్15 వచ్చాయి. బయటి వ్యాసం రెంటికీ సుమారు 620 మిల్లీమీటర్లే. కాని టైరు పక్క గోడ మొదటిదానికి 132, రెండోదానికి 120 మిల్లీమీటర్లు. మట్టికి 14 అంగుళాల ఉక్కు రిమ్మే మేలు. వంగితే కొట్టి సరిచేయించుకోవచ్చు.

కాబట్టి నా సిఫారసు ఇది: కంపెనీ ఎత్తు, కంపెనీ స్ప్రింగులు లేదా అంతకంటే రవంత గట్టివి, వాటికి సరిపడే నాణ్యమైన డ్యాంపర్లు, కొత్త బంప్ స్టాపులు, సంప్ గార్డు. స్ప్రింగు రెట్టింపైతే దానికి కావాల్సిన డ్యాంపింగ్ సుమారు 1.4 రెట్లు అవుతుంది కనుక స్ప్రింగు ఒక్కదాన్నే మార్చి పాత డ్యాంపర్లతో నడపవద్దు. ప్రతి పోటీ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చూపించండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఇక మోటారు బీమా పాలసీల్లో, వ్యవస్థీకృత పందేలకూ వేగ పరీక్షలకూ బీమా వర్తించదన్న షరతు మామూలుగా ఉంటుంది. ట్రాక్ మీద విరిగినది మీ ఖర్చే. మైదానానికి బయలుదేరే ముందు మీ పాలసీలో వినియోగ పరిమితుల పేరా ఒక్కసారి చదువుకోండి.